పోటు మీద బతికే అడవి

గోదావరి సముద్రంలో కలిసే చోట మొలిచిన మొక్క చెట్టుగా ఎదుగుతుందా, బురదలోనే కుళ్లిపోతుందా అన్నది చాలావరకు జానెడు ఎత్తు తేడాతో తేలిపోతుంది. ఉండవలసిన మట్టానికి జానెడు పల్లంలో వేరూనిన మొక్క రోజులో ఎక్కువ భాగం నీట మునిగి, వేళ్లకు గాలి అందక చస్తుంది. జానెడు మెరకన వేరూనినది పోటు నీరు అందక, ఎండకు నేల పైపొరలో పేరుకునే ఉప్పును తాళలేక మాడిపోతుంది. ఈ రెండింటి నడుమ, పోటుకు తడుస్తూ పాటుకు ఆరుతూ ఉండే బురద పట్టీ మీద మాత్రమే పెరగగల చెట్ల సముదాయాన్ని మడ అడవి అంటారు. కాకినాడకు దక్షిణాన, గౌతమీ గోదావరికీ కాకినాడ అఖాతానికీ మధ్య విస్తరించిన కోరంగి అటువంటి అడవి. అక్కడ 235.7 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని 1978లో వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు. నీటిపిల్లులూ నీటికుక్కలూ అందులో తిరుగుతాయి. పండుగప్ప, మండపీత, టైగర్ రొయ్యల పిల్లలు దాని కాలువల్లో తలదాచుకుని పెరుగుతాయి. అఖాతానికి అడ్డుగోడగా నిలిచిన హోప్ ఐలాండ్ ఇసుక తిన్నె మీద ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి.

మడ అడవుల ప్రస్తావన వచ్చిన ప్రతి సందర్భంలోనూ నరికివేత గురించీ మొక్కలు నాటడం గురించీ మాట్లాడటం ఆనవాయితీ అయింది. నరికివేత నిజమే, 1990ల నాటి రొయ్యల చెరువుల ఉద్ధృతిలో తీరం పొడవునా ఎంతో మడ నేల చెరువుగట్ల పాలైందన్నదీ నిజమే. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర ప్రాంత నియంత్రణ పరిధిలోని రొయ్యల చెరువులపై ఇచ్చిన తీర్పు ఆ ఉద్ధృతికి కొంత కళ్లెం వేసింది కూడా. అయితే గొడ్డలి ఆగినంత మాత్రాన అడవి నిలుస్తుందనుకోవడం పొరపాటు. సముద్ర మట్టం, నేలలోని ఉప్పు, నది మోసుకొచ్చే ఒండ్రు అనే మూడింటి మధ్య కుదిరిన పొత్తు మీద మడ అడవి నిలిచి ఉంటుంది. వాతావరణ మార్పూ, సముద్రపు ఒడిదుడుకులూ, ఎగువన మనుషులు కట్టిన కట్టడాలూ కలిసి ఇప్పుడు ఆ పొత్తునే చెడగొడుతున్నాయి.

ముప్పావు మీటరు లోపల

మడ చెట్టు సముద్రంలో పెరగదు, పొలంలోనూ పెరగదు. సముద్రపు సగటు మట్టానికి కాస్త పైనుంచి దాని రాజ్యం మొదలై, అమావాస్యకూ పున్నమికీ వచ్చే పెద్ద పోటు నీరు అందుకునే గరిష్ఠ రేఖ వద్ద ముగుస్తుంది. అంటే ఒక తీరంలో పోటుపాట్ల తేడా ఎంత ఉంటుందో, దానిలో దాదాపు పైసగమే మడ చెట్లకు దక్కే నిలువు జాగా. గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో పెద్ద పోటుకూ పెద్ద పాటుకూ మధ్య తేడా ఎనిమిది మీటర్లను దాటుతుంది కాబట్టి అక్కడ మడకు నిలువునా మీటర్ల కొద్దీ చోటుంది. కాకినాడ తీరంలో ఆ తేడా సుమారు ఒకటిన్నర మీటర్లకు మించదు; కనుక కోరంగిలోని చెట్లన్నీ నిలువునా ముప్పావు మీటరు మేరలోనే సర్దుకుని బతకాలి. సముద్ర మట్టంలో 20 సెంటీమీటర్ల మార్పు ఖంభాత్‌లో లెక్కలోకి రాకపోవచ్చు గాని, కోరంగిలో అది అడవికి ఉన్న జాగాలో పావు వంతుకు పైమాటే. తక్కువ పోటు తీరాల్లోని మడ అడవులు సముద్రపు చిన్న కదలికకు కూడా ఎందుకు లోనవుతాయో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

అంత సన్నని మేరలోనూ చెట్లు తమ తమ తాహతును బట్టి అంతస్తులుగా విడిపోతాయి. కాలువ అంచున, పోటు నీరు రోజూ వచ్చిపోయే చోట, కాండం నుంచి విల్లులా వంగి బురదలోకి దిగిన ఊడ వేళ్లతో ఉప్పుపొన్న నిలబడుతుంది. దానికి కాస్త వెనుక తెల్లమడ, నల్లమడ పెరుగుతాయి. వీటి చుట్టూ బురదలోంచి వేలెడు పొడవున నిటారుగా పొడుచుకొచ్చిన వందలాది పుల్లల వంటివి శ్వాస వేళ్లు. బురదలో ప్రాణవాయువు దాదాపు ఉండదు కాబట్టి, పాటు సమయంలో ఈ పుల్లల బెరడులోని సన్నని రంధ్రాల ద్వారా చెట్టు గాలి పీల్చి కింది వేళ్లకు పంపుతుంది. తెల్లమడ ఆకును వేసవి మధ్యాహ్నం వేళ తిప్పి చూస్తే ఉప్పు రవ్వలు మిలమిల మెరుస్తూ కనిపిస్తాయి. వేళ్లు వడకట్టలేకపోయిన ఉప్పును ఆ చెట్టు ఆకులోని గ్రంథుల ద్వారా చెమటోడ్చినట్లు బయటికి నెట్టేస్తుంది. ఉప్పుపొన్నకు అటువంటి గ్రంథులు లేవు. అది ఉప్పులో అత్యధిక భాగాన్ని వేళ్ల దగ్గరే ఆపేస్తుంది. ఇంకా మెరకన, పోటు అరుదుగా అందే చోట, విరిస్తే కళ్లు మండించే పాలు కారే తిల్ల చెట్లు ఉంటాయి. వాటిని దాటితే ఇలకూర వంటి కండగల ఆకుల చిన్న మొక్కలు, ఆ తర్వాత ఏదీ మొలవని చవిటి నేల. నీటి మట్టం మారినప్పుడు ఈ వరుస అంతా కదలవలసి వస్తుంది. కదలడానికి చోటు లేకపోతే ఆ వరుసలో ఏదో ఒకటి రాలిపోతుంది.

తీపి నీరు ఆగిన నెలలు

మడ చెట్లు ఉప్పును తట్టుకుంటాయే తప్ప కోరుకోవు. ఉప్పును ఆపడానికీ వదిలించుకోవడానికీ చెట్టు ఖర్చుపెట్టే శక్తి అంతా దాని ఎదుగుదలలోంచి పోయే శక్తే. ఏడాదిలో కొన్ని నెలలైనా నది నీరు వచ్చి నేలను కడిగితే చెట్లు నిలువెత్తున ఎదుగుతాయి, జాతుల సంఖ్య పెరుగుతుంది. అది కరువైతే తెల్లమడ ఒక్కటే మిగిలి, అదీ గిడసబారి పొదలా ఉండిపోతుంది.

గోదావరి ఏడాది ప్రవాహంలో సింహభాగం జూన్ చివరి నుంచి అక్టోబరు లోపలే సాగిపోతుంది. వరద రోజుల్లో గౌతమి పాయ మొగ వరకు తీపి నీరే నిండి ఉంటుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటే, ఆ రోజుల్లో నది ముఖద్వారంలో అది దాదాపు సున్నాకు పడిపోతుంది. 1852 నాటికి ఆర్థర్ కాటన్ పూర్తి చేసిన ధవళేశ్వరం ఆనకట్ట, దాని స్థానంలో ఆ తర్వాత వచ్చిన బరాజ్ డెల్టాకు అన్నం పెట్టాయన్నది తిరుగులేని సత్యం. అయితే జనవరి నుంచి మే వరకు ఆ బరాజ్ దగ్గరికి చేరిన నీరు దాదాపు అంతా కాలువల్లోకి మళ్లుతుంది, మొగ వైపు నామమాత్రంగానే వెళుతుంది. ఫలితంగా వేసవిలో గౌతమి చివరి భాగం నదిగా కాక సముద్రపు పాయగా మారిపోతుంది. పోటు నీరు ఎగువకు ఎగదన్నుతుంది; లోతు తక్కువైన కాలువల్లో, గుంటల్లో ఎండకు నీరు ఆవిరై ఉప్పు ఇంకా చిక్కబడుతుంది.

బంగాళాఖాతానికి ఈ విషయంలో ఒక విశేషముంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ వంటి పెద్ద నదులన్నీ ఇందులోనే కలవడం వల్ల దీని పైపొర అరేబియా సముద్రం కన్నా తక్కువ ఉప్పగా ఉంటుంది. తీరం వెంబడి సాగే సముద్ర ప్రవాహం ఫిబ్రవరి నుంచి మే వరకు ఉత్తరానికి నడుస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు దిశ మార్చుకుని దక్షిణానికి నడుస్తూ, గంగా బ్రహ్మపుత్రలు ఉత్తరాన కుమ్మరించిన తీపి నీటిని ఒడిశా మీదుగా ఆంధ్ర తీరం దాకా మోసుకొస్తుంది. కనుక ఆ నెలల్లో తీరపు నీటి ఉప్పదనం లీటరుకు 30 గ్రాముల దిగువకు పడిపోతుంది. వరదల వెనుకే వచ్చే ఈ పలుచని నీరు, దానికి తోడయ్యే ఈశాన్య రుతుపవన వర్షాలు కలిసి, వానాకాలంలో రాలి బురదలో దిగిన మడ మొలకలకు మొదటి మూడు నాలుగు నెలల బతుకునిస్తాయి. మడ జాతుల్లో అనేకం విత్తనాన్ని రాల్చవు. కాయ తల్లిచెట్టు మీద ఉండగానే మొలకెత్తి, మొలకగానే రాలుతుంది. ఉప్పుపొన్న మొలక జానెడుకు మించిన చిక్కుడుకాయ ఆకారంలో వేలాడి, పండిన తర్వాత రాలి, పాటు వేళ అయితే నేరుగా బురదలో గుచ్చుకుంటుంది, పోటు వేళ అయితే తేలుతూ కొత్త చోటు వెతుక్కుంటుంది. తల్లిచెట్టు తట్టుకునే ఉప్పును ఆ పసి మొలక తట్టుకోలేదు. వర్షాలు ఆలస్యమైన ఏడాది, వరద రెండు వారాల్లో ముగిసిపోయి ఆ పైన అంతా పొడిగా గడిచిన ఏడాది, పెద్ద చెట్లు పచ్చగానే కనిపిస్తాయి గాని కింద కొత్త తరం ఉండదు. ఉపగ్రహ చిత్రంలో కనిపించని నష్టం ఇది. పదేళ్లు గడిచాక గాని బయటపడదు.

తీపి నీరు తగ్గితే ఏమవుతుందో చూడటానికి సుందరవనాలు ఉన్నాయి. 1975లో ఫరక్కా బరాజ్ నడకలోకి వచ్చిన తర్వాత గంగ నుంచి బంగ్లాదేశ్ పశ్చిమ భాగపు పాయలకు వేసవిలో అందే నీరు తగ్గి, ఏ చెట్టు పేరు మీద ఆ అడవికి పేరు వచ్చిందంటారో ఆ సుందరి చెట్టే కొన్ని ప్రాంతాల్లో తల నుంచి కిందికి ఎండుతూ వచ్చింది. కృష్ణ ముఖద్వారంలోని సొర్లగొంది, నాచుగుంట అడవుల్లో తెల్లమడ పెత్తనమే ఎక్కువగా కనబడటానికి, ఆ నది నుంచి సముద్రానికి చేరే నీరు ఏటికేడాది సన్నగిల్లడానికి సంబంధం లేదనుకోలేం.

సముద్రం వెనక్కి తగ్గినా ముప్పే

సముద్ర మట్టం పెరుగుదల గురించి అందరికీ తెలుసు. సముద్రం కొన్ని నెలలు దిగిపోతే అడవులు చస్తాయన్న సంగతి మాత్రం ఇటీవలి దాకా శాస్త్రవేత్తలకే అంతగా పట్టలేదు. ఆస్ట్రేలియా ఉత్తర తీరంలోని కార్పెంటేరియా సింధుశాఖలో 2015 చివరి నెలలకూ 2016 మొదటి నెలలకూ నడుమ, సుమారు వెయ్యి కిలోమీటర్ల తీరం పొడవునా 7,000 హెక్టార్లకు పైగా మడ అడవి నిలువునా ఎండిపోయింది. అక్కడ గొడ్డలి పడలేదు, చమురు ఒలకలేదు, ఆ నష్టాన్ని వివరించగల పెద్ద తుఫానూ రాలేదు. జేమ్స్ కుక్ విశ్వవిద్యాలయానికి చెందిన నార్మన్ డ్యూక్, ఆయన సహచరులు జరిపిన పరిశోధనలో తేలిన ముఖ్య కారణం, ఆ ఏడాది బలంగా వచ్చిన ఎల్ నినో వల్ల సముద్ర మట్టం మామూలు కంటే 20 సెంటీమీటర్లకు పైగా దిగి కొన్ని నెలల పాటు అలాగే ఉండిపోవడం. పసిఫిక్ మహాసముద్రం మీద తూర్పు నుంచి పడమరకు వీచే గాలులు సాధారణంగా గోరువెచ్చని నీటిని ఆసియా, ఆస్ట్రేలియాల వైపు నెట్టి అక్కడ మట్టాన్ని ఎత్తుగా నిలుపుతాయి. ఆ గాలులు నీరసించి, నడిమి పసిఫిక్ వేడెక్కడాన్నే ఎల్ నినో అంటారు. అప్పుడు పడమటి వైపు నీటి మట్టం దిగుతుంది. దానితో పాటు వర్షం తగ్గి, ఎండ ముదిరి, పోటు అందని నేలలో చెట్లు దాహంతో చచ్చిపోయాయి. అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతిన్నవి అడవికి వెనుక వైపున, మెరక నేలలో ఉన్నవే.

దీనికి చంద్రుడి లెక్క కూడా తోడైంది. చంద్రుడి కక్ష్య సూర్యమార్గాన్ని ఖండించే రెండు బిందువులను తెలుగు పంచాంగం రాహుకేతువులంటుంది. ఆ బిందువులు 18.6 సంవత్సరాలకు ఒకసారి రాశిచక్రాన్ని చుట్టి వస్తాయి. వాటి స్థానాన్ని బట్టి చంద్రుడు ఆకాశంలో ఉత్తర దక్షిణాలకు ఎంత దూరం జరుగుతాడో మారుతుంది, దాన్ని బట్టి పోటుపాట్ల తేడా కొన్నేళ్లు హెచ్చుగా, కొన్నేళ్లు తగ్గుగా ఉంటుంది. రోజుకు ఒకే పోటు వచ్చే తీరాల్లో ఈ హెచ్చుతగ్గు మరింత స్పష్టం. ఆస్ట్రేలియా మడ అడవుల ఉపగ్రహ చిత్రాలను దశాబ్దాల మేర పరిశీలించిన నీల్ సెయింటిలాన్ బృందం 2022లో, అడవుల ఆకుల గుబురు ఈ 18.6 ఏళ్ల చక్రాన్ని అనుసరించి చిక్కబడుతూ పలచబడుతూ ఉంటుందనీ, కార్పెంటేరియాలో పోటు చిన్నబోయిన దశ, ఎల్ నినో రెండూ ఒకేసారి కలిసి వచ్చాయనీ చూపించింది. ప్రకృతి చక్రాలు ఎప్పుడూ ఉన్నవే. వేడెక్కిన వాతావరణం ఆ చక్రాల అడుగు రోజులను మరింత కఠినం చేస్తోంది.

ఆ ముచ్చట ఎక్కడో ఆస్ట్రేలియాది అని తోసిపుచ్చడానికి లేదు. ఆంధ్ర తీరంలో సముద్రపు సగటు మట్టం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అన్నిటికన్నా కిందికీ, అక్టోబరు, నవంబరుల్లో అన్నిటికన్నా పైకీ ఉంటుంది, ఈ తేడా అడుగుకు మించుతుంది. దీని మీద హిందూ మహాసముద్రపు మరో ఊగిసలాట వచ్చి పడుతుంది. ఈ సముద్రపు పడమటి సగం వేడెక్కి తూర్పు సగం చల్లబడే స్థితిని ధన ద్విధ్రువ స్థితి అంటారు. అప్పుడు భూమధ్యరేఖ వెంట గాలి ఎదురు దిశలో వీచి నీటిని ఆఫ్రికా వైపు నెడుతుంది. తూర్పున దిగిన నీటి మట్టం కెల్విన్ తరంగమనే పేరుగల, కంటికి కనిపించనంత నిదానమైన అలగా సుమత్రా తీరాన్ని తాకి, అక్కడి నుంచి మయన్మార్, బంగ్లాదేశ్, ఒడిశాల తీరాలను చుట్టుకుంటూ ఆంధ్ర తీరానికి చేరుతుంది. 1997లో ఎల్ నినో, ఈ ద్విధ్రువం రెండూ బలంగా ఒకే ఏడాది వచ్చాయి. అంటే ఎక్కడో సుమత్రా పక్కన వీచిన గాలి, వారాలు గడిచాక, ముప్పావు మీటరు మేరలో బతికే కోరంగి చెట్టుకు పోటు నీరు అందాలా వద్దా అన్నది నిర్ణయిస్తోంది. రేవుల్లో నమోదయ్యే మట్టాల లెక్కలు ఓడలకు ఎంత అవసరమో ఈ అడవికీ అంతే అవసరం. వాటిని అటవీ శాఖ పట్టికల పక్కన పెట్టి చదివే అలవాటు ఇంకా పడవలసి ఉంది.

ఒండ్రు లెక్క

సముద్రం నిలకడగా పెరుగుతూ పోయినా మడ అడవి వెంటనే మునిగిపోదు. అది తన కింది నేలను తానే ఎత్తు చేసుకుంటుంది. శ్వాస వేళ్లూ ఊడ వేళ్లూ పోటు నీటి వేగాన్ని తగ్గించి, అందులో తేలే మన్నును కిందికి దించుతాయి. చచ్చిన వేళ్లు గాలి లేని బురదలో పూర్తిగా కుళ్లక అక్కడే పేరుకుంటాయి. నేల ఎంత వేగంగా పైకి లేస్తుందో, సముద్రం అంతకన్నా నెమ్మదిగా పెరిగినంత కాలం అడవి నిలుస్తుంది. గడచిన పదివేల ఏళ్లలో సముద్రం పెరిగిన వేగాన్నీ, ఆ కాలపు మడ అడవుల అవశేషాలనూ ప్రపంచంలోని 78 చోట్ల పోల్చి చూసిన శాస్త్రవేత్తలు 2020లో, ఆ పెరుగుదల ఏటా 6 మిల్లీమీటర్లను దాటితే అడవి నిలదొక్కుకునే అవకాశం దాదాపు ఉండదని తేల్చారు. కేంద్ర భూవిజ్ఞాన శాస్త్రాల మంత్రిత్వ శాఖ 2020లో వెలువరించిన అంచనా నివేదిక ప్రకారం ఉత్తర హిందూ మహాసముద్రం 1993 నుంచి 2017 వరకు ఏటా 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. అంతకు ముందరి శతాబ్ద కాలంలో ఆ వేగం రెండు మిల్లీమీటర్ల లోపే. ఇంకా హద్దు దాటలేదు గాని దూరం సగమే మిగిలింది.

అయితే ఆ 6 మిల్లీమీటర్ల హద్దు, ఒండ్రు వస్తూ ఉన్న తీరాలకూ రాని తీరాలకూ ఒకటే కాదు. డెల్టా అంటేనే నది తెచ్చి పోసిన మన్ను. అది తన బరువుకు తానే కొద్దికొద్దిగా కుంగుతూ ఉంటుంది, ఏటా వరదతో వచ్చే కొత్త మేట ఆ కుంగుబాటును పూడుస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయ భూవిజ్ఞానులు ప్రచురించిన పరిశోధనల ప్రకారం, 1970లలో గోదావరి ఏటా సగటున 15 కోట్ల టన్నులకు అటూ ఇటూగా మోసుకొచ్చిన ఒండ్రు, 1990ల నాటికి 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. వర్షం తగ్గడం కన్నా నదీ పరీవాహకంలో వరుసగా కట్టిన ఆనకట్టల వెనుక మన్ను ఆగిపోవడమే దీనికి ప్రధాన కారణం. అదే పరిశోధకులు 1976 నుంచి 2001 వరకు ఉపగ్రహ చిత్రాలను పోల్చి, గోదావరి డెల్టా అంచున కొత్తగా ఏర్పడిన నేలను మినహాయించిన తర్వాత కూడా 1,800 హెక్టార్లకు పైగా భూమిని సముద్రం తినేసిందని లెక్క తేల్చారు. ఆ కోతకు గురైన అంచున మడ అడవి కూడా ఉంది. ప్రపంచంలోని 33 డెల్టాలు కుంగుతున్న తీరును 2009లో పరిశీలించిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో కృష్ణా, గోదావరులు రెండూ ఉన్నాయి.

కోరంగిలో ఒకే అడవి రెండు రకాలుగా ప్రవర్తించడం ఇక్కడే అర్థమవుతుంది. హోప్ ఐలాండ్ చాటున, అలల తాకిడి లేని కాకినాడ అఖాతం వైపు బురద నేలలు మేటవేసి మడ ముందుకు జరిగింది. గౌతమి మొగ దగ్గర, బహిరంగ సముద్రానికి ఎదురుగా ఉన్న వైపు అలలు చెట్లను వేళ్లతో సహా కూల్చి ఒడ్డును వెనక్కి నెడుతున్నాయి. కాబట్టి మొత్తం విస్తీర్ణం పెరిగిందా తగ్గిందా అన్న ఒక్క అంకెతో అడవి ఆరోగ్యాన్ని తూచలేం. భారత అటవీ సర్వేక్షణ సంస్థ 2023 నివేదికలో ఆంధ్రప్రదేశ్ మడ అడవుల విస్తీర్ణం సుమారు 421 చదరపు కిలోమీటర్లు. 2021 నివేదికతో పోలిస్తే ఇది సుమారు 13 చదరపు కిలోమీటర్లు ఎక్కువ. సంతోషించవలసిన సంగతే. కాని అఖాతపు చాటున కొత్తగా లేచిన తెల్లమడ పొదలు, మొగ దగ్గర కూలిపోయిన ముదురు అడవికి సాటి కావు.

తుఫాను తర్వాత చిగురించేవీ చిగురించనివీ

తుఫాను పుట్టాలంటే సముద్రపు పైపొర ఉష్ణోగ్రత సుమారు 26 డిగ్రీలు దాటాలి. బంగాళాఖాతంలో ఏడాదిలో ఎక్కువ నెలలు అది 28 డిగ్రీల పైనే ఉంటుంది. కోరంగి రేవును 1789, 1839 తుఫాన్ల ఉప్పెనలు ధ్వంసం చేశాయి. బర్మాలో తెలుగువారినందరినీ కోరంగీలని పిలిచేంతగా పేరుపడిన ఆ రేవు మళ్లీ పూర్వ వైభవాన్ని అందుకోలేదు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన, 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుఫాను ఇప్పటి తరాల జ్ఞాపకంలోనివే. మడ అడవి ఉప్పెన తాకిడిని తగ్గిస్తుందనడానికి ఒడిశాలో గట్టి ఆధారం దొరికింది. 1999 అక్టోబరు నాటి మహా తుఫానులో కేంద్రపడా జిల్లా గ్రామాల మరణాలను పరిశీలించిన సౌదామిని దాస్, జెఫ్రీ విన్సెంట్ అనే ఆర్థికవేత్తలు, తీరానికీ ఊరికీ మధ్య మడ అడవి వెడల్పుగా ఉన్న చోట ప్రాణనష్టం తక్కువగా ఉన్నట్లు 2009లో చూపారు.

ఊళ్లకు అడ్డు నిలిచిన అడవి తానెలా కోలుకుంటుందన్నది చెట్టు జాతిని బట్టి ఉంటుంది. తెల్లమడ, తిల్ల కొమ్మలు విరిగిపోయినా కాండం మీద నిద్రాణంగా ఉన్న మొగ్గలు మేల్కొని కొత్త చిగుళ్లు వేస్తాయి. ఉప్పుపొన్న ముదిరిన కొమ్మలపై అటువంటి మొగ్గలు మిగలవు. దాని తల విరిగితే చెట్టు పోయినట్లే, ఆ జాగాను మళ్లీ మొలకలే నింపాలి. తుఫాను వెంట వచ్చిన మందపాటి ఇసుక లేదా బురద శ్వాస వేళ్లను కప్పేస్తే, నిలబడి ఉన్న చెట్లు కూడా ఊపిరాడక నెలల తర్వాత ఎండుతాయి. రెండు తుఫాన్ల మధ్య ఇరవై ఏళ్ల విరామం దొరికితే ఉప్పుపొన్న తేరుకుంటుంది. విరామం కుదించుకుపోతూ, తుఫాను బలం పెరుగుతూ పోతే, ఎప్పటికప్పుడు చిగురించగల జాతులు మాత్రమే మిగిలిన పలచని అడవి అవుతుంది.

ఎక్కడికి జరగాలి

ముందు వైపు సముద్రం పెరిగితే మడ అడవి వెనక్కి జరుగుతుంది, అంటే పెద్ద పోటు కొత్తగా అందుకున్న మెరకన మొలకలు వేరూనుతాయి. శతాబ్దాల మేర అది చేసినది అదే. ఇప్పుడు వెనుక ఏముందన్నది ప్రశ్న. చాలాచోట్ల రొయ్యల చెరువు గట్టు, కరకట్ట, రోడ్డు, పారిశ్రామిక స్థలం ఉన్నాయి. 2019 నాటి తీర ప్రాంత నియంత్రణ ప్రకటన వెయ్యి చదరపు మీటర్లకు మించిన మడ అడవికి 50 మీటర్ల రక్షణ వలయాన్ని నిర్దేశించింది. ఈ వలయాన్ని కొలిచేది అడవి ఇప్పుడున్న అంచు నుంచి. ముప్పై ఏళ్ల తర్వాత ఆ అంచు ఎక్కడ ఉంటుందన్న ఆలోచన అందులో లేదు. చదునైన డెల్టాలో మట్టం ఒక్క జానెడు పెరిగితే పోటు నీరు 50 మీటర్ల కన్నా ఎంతో లోపలికి చేరగలదు.

మొక్కలు నాటే పథకాలకు కొరత లేదు. 2023లో కేంద్రం ప్రకటించిన మిష్టి పథకం తొమ్మిది తీర రాష్ట్రాల్లో, నాలుగు కేంద్రపాలిత ప్రాంతాల్లో అయిదేళ్లలో 540 చదరపు కిలోమీటర్ల మేర మడ అడవులను పెంచాలని లక్ష్యం పెట్టుకుంది. లక్ష్యం మంచిదే, కాని నీటి మట్టం, ఉప్పు చూడకుండా ఖాళీగా కనిపించిన బురద మీదల్లా మొక్క గుచ్చితే అది నిలవదు. ఇందుకు గోదావరి, కృష్ణా డెల్టాల అనుభవమే పాఠం. పూర్వం కలప కోసం అడవిని ముక్కలు ముక్కలుగా పూర్తిగా నరికే పద్ధతి ఉండేది. నీడ పోయిన ఆ ముక్కలో నేల ఎండి, కుంచించుకుని, చుట్టుపక్కల కన్నా పల్లమై గుంటగా మారింది. పోటుకు లోపలికి వచ్చిన నీరు పాటుకు తిరిగి పోలేక అక్కడే నిలిచి ఆవిరై, ఆ జాగా ఉప్పు మడిలా తయారైంది. అందులో తెల్లమడ కూడా మొలవలేదు. 1990ల చివరి నుంచి ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖ, స్థానిక గ్రామ సంఘాలు కలిసి అటువంటి చోట్ల ముందు మొక్కలు నాటలేదు, కాలువలు తవ్వారు. పెద్ద కాలువను పోటు కాలువకు కలిపి, దానికి ఇరువైపులా ఏటవాలుగా పిల్ల కాలువలు తీశారు; పైనుంచి చూస్తే చేప ముల్లు ఆకారం. నీరు వచ్చిపోవడం మొదలయ్యాక ఉప్పు కడుక్కుపోయింది, కాలువ గట్ల వాలు మీద నాటిన మొక్కలు బతికాయి, వాటితో పాటు ఎవరూ నాటని మొలకలు కూడా కొట్టుకొచ్చి పాతుకున్నాయి. చెట్టుకు కావలసింది నీటి రాకపోకలని ఆ పని రుజువు చేసింది.

ఆ సూత్రాన్ని ఒక ముక్కకే కాక మొత్తం డెల్టాకు వర్తింపజేయవలసిన సమయం వచ్చింది. పోలవరం పూర్తయితే గోదావరి ఒండ్రును పట్టి నిలిపే మరో పెద్ద జలాశయం తయారవుతుంది. ఆ జలాశయం నుంచి మన్నును వరద రోజుల్లో కిందికి వదిలే ఏర్పాటు గురించి నిర్వహణ నియమాలు ఖరారు కాకముందే తేల్చుకోవాలి. రబీ సాగునీటి ప్రణాళిక వేసే ప్రతిసారీ ఉభయ గోదావరి, కోనసీమ కాలువల వాటాలతో పాటు ఫిబ్రవరి నుంచి మే వరకు గౌతమి మొగకు వదిలే నీటికి కూడా ఒక పద్దు రాయాలి. అడవి వెనుక నిరుపయోగంగా పడి ఉన్న చవిటి భూములనూ, వదిలేసిన రొయ్యల చెరువులనూ పరిశ్రమలకు కట్టబెట్టకుండా రేపటి మడ నేలలుగా ఇప్పుడే గుర్తించి పటాల్లోకి ఎక్కించాలి. కాకినాడ, కోనసీమ, కృష్ణా, బాపట్ల జిల్లాల ప్రజాప్రతినిధులను ఈ మూడు పనుల గురించి, మొక్కల సంఖ్య గురించి కాదు, అడగవలసిన బాధ్యత ఆ తీరపు ఓటర్లదే.